టెర్మినేటర్: జాన్ కానర్‌ను చంపినందుకే కథ చెడిందా, అంతకుముందే చెడిపోయిందా?

గుంటూరు_రీల్

టెర్మినేటర్ సిరీస్‌లో ఆరో సినిమా డార్క్ ఫేట్ వచ్చి ఇన్నేళ్లయినా నాకు ఆ బాధ తీరలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

1991లో వచ్చిన రెండో సినిమా జడ్జ్‌మెంట్ డే మొత్తం ఒక పిల్లాణ్ని బతికించుకోవడం గురించే. పెద్దయ్యాక యంత్రాల మీద మనుషుల యుద్ధాన్ని నడిపించబోయే పదేళ్ల జాన్ కోసం, తల్లి సారా మానసిక వైద్యశాల తాళాలు తెంచుకుని బయటపడుతుంది. ఆ యుద్ధం తెచ్చే స్కైనెట్ అనే కంప్యూటర్ వ్యవస్థకు దారి వేసిన మైల్స్ డైసన్, ఏళ్ల తరబడి చేసిన పరిశోధనను తన చేతులతోనే నాశనం చేయడానికి ఒప్పుకుని, ఆ పనిలోనే ప్రాణం పోగొట్టుకుంటాడు. చివరికి జాన్‌ను కాపాడిన యంత్రం ఆర్నాల్డ్ కరిగిన ఉక్కులోకి దిగిపోతాడు. ఇంతమంది ఇంత చేసింది దేనికి? 2019లో డార్క్ ఫేట్ మొదలై కాసేపు కూడా కాకముందే, 1998లో గ్వాటెమాలా సముద్రం ఒడ్డున అదే రకం యంత్రం, ఇంకో టీ-800, నడుచుకుంటూ వచ్చి ఆ పిల్లాణ్ని కాల్చేసి వెళ్లిపోతుంది. అదీ తల్లి కళ్లముందు.

జాన్ చావకూడదని నేను అనడం లేదు. యుద్ధం కథలో ఎవరైనా చావొచ్చు. కానీ ఆ చావు కథలో ఒక భాగంగా రావాలి. ఇక్కడ కొత్త కథకు చోటు చేయడానికి పాత కథను పక్కకు తోసేశారు. సీక్వెల్ తీసేవాళ్లు కథను ఎటైనా నడపొచ్చు. వెనకటి సినిమాలో మనం ఏడ్చినదాన్ని మాత్రం ఉత్తదిగా మార్చకూడదు. మొదటి రెండూ తీసిన జేమ్స్ కామెరాన్ స్వయంగా నిర్మాతగా ఉండి, కథలో చేయి వేసి కూడా ఇలా జరగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మీ అభిప్రాయాలు రాయండి. సినిమాలు చూడనివాళ్లు ఇక్కడితో ఆపేయడం మంచిది, కథలన్నీ బయటపడతాయి.

రాత్రిషో

జాన్‌ను చంపింది డార్క్ ఫేట్ కాదన్నా. 2009లో నాలుగో సినిమా సాల్వేషన్‌లోనే చంపాలనుకున్నారు. మొదట రాసుకున్న ముగింపులో జాన్ చనిపోతాడు, అతని ముఖాన్ని సగం యంత్రమైన మార్కస్ రైట్ లోహ శరీరానికి తొడుగుతారు. ఆ సంగతి ఇంటర్నెట్‌లో లీకయి అభిమానులు మండిపడ్డాక మార్చారు. 2015లో ఐదో సినిమా జెనిసిస్ వచ్చి అతన్నే విలన్ చేసింది, దాన్ని ట్రైలర్‌లోనే చూపించేశారు కూడా. జాన్‌ను ఏం చేయాలో తెలియక తికమకపడటం డార్క్ ఫేట్ కంటే పదేళ్ల ముందే మొదలైంది.

సారా_పక్షం

గుంటూరు_రీల్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మీరు ఈ కథను జాన్ కథ అనుకుంటున్నారు, మన మధ్య తేడా అక్కడే ఉంది. 1984లో ఇది మొదలైంది సారాతో. హోటల్లో ప్లేట్లు అందించే ఒక మామూలు అమ్మాయిని, ఇంకా పుట్టని కొడుకు పేరు చెప్పి చంపడానికి వస్తారు. ఆమెను కాపాడటానికి భవిష్యత్తు నుంచి వచ్చిన, జాన్‌కు తండ్రి కాబోయే కైల్ రీస్ కూడా ఆమెను గౌరవించేది నాయకుడి తల్లిగానే.

ఆ తర్వాత ఆమెను ఏం చేశారో చూడండి. 2003లో వచ్చిన మూడో సినిమాలో లుకేమియాతో చనిపోయిందని ఒక మాటలో చెప్పేశారు, ఆమె శవపేటికలో తుపాకులు దాచారు. లిండా హామిల్టన్ ఆ సినిమా వద్దనుకున్నారు. జెనిసిస్‌లో వేరే నటితో, వేరే బాల్యంతో, వేరే సారాను తెచ్చారు. 1991 తర్వాత అసలు సారా తెర మీద కనబడటానికి 28 ఏళ్లు పట్టింది.

డార్క్ ఫేట్‌లో లిండా హామిల్టన్ వయసు అరవై దాటింది. ముఖం మీద ముడతలు దాచలేదు. కొడుకును కాపాడుకోలేకపోయిన తల్లిగా, తాగుడుకు అలవాటుపడి, ఎక్కడ టెర్మినేటర్ దిగితే అక్కడికెళ్లి చంపడమే బతుకుగా మిగిలిన మనిషిగా ఆమె కనిపిస్తుంది. ఆమెకు మెసేజ్‌లు పంపేది ఎవరో తెలిసిన సీన్ గుర్తుందా? ప్రతి మెసేజ్ చివర 'జాన్ కోసం' అని ఉంటుంది. పంపినవాడే జాన్‌ను చంపినవాడు. ఆ ఇంటి గుమ్మం దగ్గర ఆమె తుపాకీ ఎత్తినప్పుడు నాకు ఊపిరి ఆగింది. జాన్ చావు లేకపోతే ఆ సారా లేదు, ఆ సీన్ లేదు.

పాత కథను పక్కకు తోశారని అన్నారు. ఆ సినిమా మొత్తం ఆ చావు బరువు మీదే నడిచింది కదండీ.

గుంటూరు_రీల్

> ఆ సినిమా మొత్తం ఆ చావు బరువు మీదే నడిచింది

సారా విషయంలో అవును. వేటకు గురైన డానీ, ఆమెను కాపాడే గ్రేస్, చంపడానికి వచ్చిన రెవ్-9, దాన్ని పంపిన లీజియన్, వీళ్లెవరికీ ఆ చావుతో సంబంధం లేదు. సినిమాలో సగం సారా దుఃఖం, సగం 1984 కథకు కొత్త పేర్లు. స్కైనెట్ పోయి లీజియన్ వచ్చింది, జాన్ పోయి డానీ వచ్చింది, కైల్ పోయి గ్రేస్ వచ్చింది. మళ్లీ అదే వేట. లిండా హామిల్టన్ నటన గురించి మీతో వాదించను, ఆ సినిమాలో నిలబడేది ఆమె ఒక్కరే.

ఉక్కుపిడికిలి

అసలు కారణం ఎవరూ చెప్పడం లేదు. ముగ్గురు ఆడవాళ్లను ముందు పెట్టి ఆర్నాల్డ్‌ను కర్టెన్లు అమ్ముకునేవాణ్ని చేశారు. ఎజెండా కోసం సినిమా తీస్తే ఇలాగే పోతుంది.

సారా_పక్షం

బ్రదర్, 1984లో మొదటి సినిమా చివరికి టెర్మినేటర్‌ను ప్రెస్ కింద నలిపేసింది ఎవరు? 1991లో జాన్‌ను చంపడానికి వచ్చిన టీ-1000 మీద షాట్‌గన్ పేల్చుకుంటూ వెళ్లి అంచు దాకా నెట్టింది ఎవరు? ఆ రెండు సినిమాలనూ అందరూ నెత్తిన పెట్టుకున్నారు. ఆడవాళ్లు ముందుండటం ఈ సిరీస్‌కు కొత్త కాదు, అది మొదటి రోజు నుంచీ ఉన్నదే.

డానీ విషయంలో ఇంకో మాట. సినిమాలో సారా ఆమెను చూసి, నీ కడుపున పుట్టబోయేవాడి కోసం వాళ్లు వచ్చారు అనుకుంటుంది. తనకు జరిగిందే ఈ పిల్లకూ జరుగుతోందని జాలిపడుతుంది. తీరా చూస్తే నాయకుడికి తల్లి కాదు, నాయకురాలే ఆమె. 35 ఏళ్లుగా ఈ కథలో ఆడదాని విలువ ఎవర్ని కంటుందన్న దాని మీదే ఉండింది. దాన్ని మార్చిన ఒక్క సీన్ అది. గుంటూరు_రీల్ గారు పేర్లు మార్చారంతే అన్నారు గానీ, ఇక్కడ పేరు కాదు, అసలు ప్రశ్నే మారింది.

మోడరేటర్

ఉక్కుపిడికిలి గారూ, సినిమా నచ్చకపోతే ఏ సీన్ ఎందుకు నచ్చలేదో రాయండి, అందరం చదువుతాం. తీసినవాళ్ల మనసులో ఏముందో ఊహించి రాసే పోస్టులకు ఇక్కడ చోటు లేదు.

లూప్‌హోల్

నేను కథలోని కాలం లెక్క గురించి మాట్లాడతాను. చాలామంది దీన్ని దాటేస్తున్నారు.

మొదటి సినిమా మూసిన వలయం. జాన్ కైల్‌ను వెనక్కి పంపాడు కాబట్టే జాన్ పుట్టాడు. కైల్ దగ్గరున్న సారా ఫొటో, సినిమా చివర్లో పెట్రోలు బంకు దగ్గర ఒక పిల్లాడు తీసినదే. ఏదీ మారదు, జరగాల్సిందే జరుగుతుంది. అందుకే ఆ ముగింపులో అంత దిగులు ఉంటుంది.

రెండో సినిమా ఆ వలయాన్ని తెంపింది. మొదటి టెర్మినేటర్ మిగిల్చిన చేయి, చిప్ చూసి డైసన్ స్కైనెట్ తయారు చేస్తున్నాడు. వాటిని నాశనం చేస్తే స్కైనెట్ పుట్టదు, 1997 ఆగస్టు 29న బాంబులు పడవు. సరే. మరి స్కైనెట్ లేకపోతే యుద్ధం లేదు, కైల్ వెనక్కి రావాల్సిన పని లేదు, అప్పుడు జాన్ ఎక్కడినుంచి వచ్చాడు? రెండో సినిమా దీనికి జవాబు చెప్పలేదు. మనం కూడా అడగలేదు, ఎందుకంటే ముగింపు మనకు నచ్చింది.

దీనికి ఉన్న దారి ఒక్కటే. భవిష్యత్తు ఒక్కటి కాదు, పాయలుగా చీలుతుంది. చెరిగిపోయిన భవిష్యత్తు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ మిగిలే ఉంటారు. మొదటి సినిమాలో కైల్ కూడా తను వచ్చిన కాలాన్ని, సారా వైపు నుంచి చూస్తే జరగడానికి వీలున్న ఒకానొక భవిష్యత్తు అంటాడు. ఈ లెక్క ఒప్పుకుంటే, స్కైనెట్ చెరిగిపోక ముందు పంపిన ఇంకో టీ-800 కూడా మిగిలే ఉంటుంది. డార్క్ ఫేట్‌లో జాన్‌ను చంపింది అదే.

కాబట్టి జాన్ బతికి ఉండటాన్ని ఒప్పుకునేవాళ్లు, వాణ్ని చంపడానికి వచ్చిన కార్ల్‌నూ (ఆ టీ-800 తర్వాత పెట్టుకున్న పేరు) ఒప్పుకోవాలి. రెంటికీ ఆధారం ఒకటే.

గుంటూరు_రీల్

లెక్క సరిగ్గానే ఉంది లూప్‌హోల్. నా గొడవ లెక్కతో కాదు. ఏది జరగడానికి వీలుంది అని నేను అడగలేదు, దేన్ని ఎంచుకున్నారు అని అడుగుతున్నాను. పాయలుగా చీలే కాలంలో జాన్ బతికిన పాయ కూడా ఉంటుంది. రాసేవాళ్లు దాన్ని వదిలి దీన్ని పట్టుకున్నారు.

రెండో సినిమాకు ముందు వేరే ముగింపు తీశారు, చాలామంది చూసే ఉంటారు. 2029లో ముసలి సారా పార్కులో కూర్చుని ఉంటుంది, జాన్ సెనేటర్ అయ్యాడు, కూతురితో ఆడుకుంటుంటాడు. కామెరాన్ దాన్ని తీసేసి రాత్రివేళ రోడ్డు షాట్ పెట్టాడు. ఏం జరుగుతుందో తెలియదు, కానీ ఆశ ఉంది అన్నట్టు. మంచి నిర్ణయం. ఆ రోడ్డు అలా తెరిచి ఉండటమే ఆ సినిమా గొప్పతనం. ఇక ఏ సీక్వెల్ తీసినా ఆ రోడ్డు ఎక్కడికి పోయిందో చెప్పాల్సిందే, అప్పుడు ఆ ముగింపు చిన్నదైపోతుంది. రెండుతో ఆపాల్సింది అని నేను అనేది అందుకే.

రాత్రిషో

ఇక్కడ నేను ఒప్పుకోను. మూడో సినిమాను అందరూ తీసిపారేస్తారు గానీ, ఆ ముగింపు చూపిన ధైర్యం ఈ సిరీస్‌లో మళ్లీ ఎవరూ చూపలేదు.

రైజ్ ఆఫ్ ది మెషిన్స్‌లో లోపాలు చాలానే ఉన్నాయి. కామెరాన్ లేడు, సారా లేదు, నడుమ కామెడీ అతకలేదు. జొనాథన్ మోస్టో పెద్ద దర్శకుడూ కాదు. కానీ చివరి పదినిమిషాలు చూడండి. జాన్, అతనికి భార్య కాబోయే కేట్ కొండ లోపలి స్థావరానికి పరుగెత్తుతారు, స్కైనెట్‌ను అక్కడ ఆపొచ్చని నమ్మి. తలుపు తెరుచుకుంటుంది. లోపల పెద్ద కంప్యూటరేదీ ఉండదు. దుమ్ము పట్టిన పాత సామాను, రేడియో, అంతే. అది ఎప్పుడో ప్రచ్ఛన్నయుద్ధం నాటి అణుబాంబు ఆశ్రయం. కేట్ తండ్రి వాళ్లను అక్కడికి పంపింది యుద్ధం ఆపడానికి కాదు, బతికి ఉండటానికి. స్కైనెట్ ఒకచోట ఉండే యంత్రం కాదు, లోకంలోని కంప్యూటర్లన్నిటిలో పాకిన సాఫ్ట్‌వేర్, దాన్ని పేల్చేయడానికి చోటే లేదు. బయట క్షిపణులు లేస్తుంటే జాన్ రేడియో మైకు అందుకుంటాడు. నాయకుడు అక్కడ పుట్టాడు.

అప్పట్లో థియేటర్ నుంచి బయటికి వచ్చి నేను, మా అన్నయ్య బస్టాండు దాకా మాట్లాడుకోలేదు. రెండో సినిమా ఇచ్చిన ఆశను మూడోది కొట్టేసిందని మీరు అనొచ్చు. కానీ జాన్‌ను చంపి కొట్టేయలేదు, జాన్‌కు పని అప్పజెప్పి కొట్టేసింది. తేడా ఉంది.

కేబుల్‌తీగ

రాత్రిషో అన్నకు నా ఓటు. కానీ మూడో సినిమా నాలుగో సినిమాకు దారి వేసిందంటే, నాలుగోది ఆ దారిలో పోలేదు. కామెరాన్ మొదటి రెంటిలో చూపించిన భవిష్యత్తు ఎలా ఉంటుంది? రాత్రి, ఊదారంగు లేజర్లు, పుర్రెల మీద నడిచే ట్యాంకులు, నేలమాళిగల్లో ఎలుకల్ని పట్టుకుని తినే మనుషులు. రెంటిలో కలిపి కొద్ది నిమిషాలే. ఆ యుద్ధాన్ని పూర్తి సినిమాగా చూడాలని పాతికేళ్లు ఎదురుచూశాం. సాల్వేషన్‌లో దాన్ని పట్టపగలు, ఎడారిలో, పిల్లలూ చూడగల పీజీ-13 రేటింగ్‌తో తీశారు. క్రిస్టియన్ బేల్ కష్టపడ్డాడు, యాంటన్ యెల్చిన్ కుర్ర కైల్‌గా చాలా బాగున్నాడు. అయినా భయం లేదు.

ఫ్రిస్కో_తెలుగు

మీరంతా దర్శకులనూ రచయితలనూ అంటున్నారు. నేను డల్లాస్ దగ్గర ఉంటాను, సినిమాల కాంట్రాక్టు గొడవలు చదవడం నాకు చాలా ఇష్టం. ఈ సిరీస్ ఎందుకు ఇలా ముక్కలయిందో హక్కులు ఎవరి చేతుల్లో తిరిగాయో చూస్తే తెలుస్తుంది.

మొదటి సినిమా తనే తీయాలన్న షరతు మీద కామెరాన్ హక్కులను నిర్మాత గేల్ ఆన్ హర్డ్‌కు ఒక్క డాలర్‌కు అమ్మేశాడు. రెండో సినిమా కారోల్కో అనే కంపెనీ తీసింది. 1995లో కారోల్కో దివాలా తీసింది. దాన్ని నడిపిన మారియో కాసర్, ఆండ్రూ వాజ్నా హక్కులు మళ్లీ కొనుక్కుని మూడోది తీశారు. 2007లో అవి హాల్సియన్ అనే కంపెనీకి వెళ్లాయి, ఆ కంపెనీ సాల్వేషన్ తీసింది, సినిమా విడుదలైన 2009లోనే దివాలా రక్షణ కోరింది. హక్కులు పసిఫికార్ అనే పెట్టుబడి సంస్థకు పోయాయి, 2011లో మేగన్ ఎలిసన్ వేలంలో కొన్నారు, ఆమె అన్న డేవిడ్ ఎలిసన్ కంపెనీ స్కైడాన్స్ జెనిసిస్ తీసింది. అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం 35 ఏళ్లకు అసలు రాసినవాళ్లు హక్కులు వెనక్కి అడగొచ్చు. 1984కి 35 కలిపితే 2019. డార్క్ ఫేట్ సమయానికి కామెరాన్ తిరిగి రావడం వెనక ఈ లెక్క కూడా ఉంది.

ఇందులో ఎవరూ వెనకటివాడు వదిలిన చోట మొదలుపెట్టలేదు. సాల్వేషన్ మూడు భాగాలన్నారు, ఒకటితో ఆగింది. జెనిసిస్ మూడు భాగాలన్నారు, ఒకటితో ఆగింది. డార్క్ ఫేట్ కూడా అంతే. కొత్త యజమాని వచ్చిన ప్రతిసారీ పలక తుడిచి మళ్లీ ఓనమాలు దిద్దించారు.

డబ్బు లెక్క కూడా చూడండి. రెండో సినిమా ప్రపంచమంతా కలిపి 50 కోట్ల డాలర్లు దాటింది. మూడోది దాదాపు 43 కోట్లు, సాల్వేషన్ 37 కోట్లు. జెనిసిస్ 44 కోట్లు తెచ్చింది గానీ, అందులో చైనా ఒక్కటే 11 కోట్లు, సొంత దేశం అమెరికాలో 9 కోట్లు కూడా సరిగ్గా రాలేదు. డార్క్ ఫేట్‌కు 18 కోట్ల పైన ఖర్చుపెడితే వచ్చింది 26 కోట్లే, అందులో థియేటర్ల వాటా పోతే నష్టమే. అభిమానులు జాన్ చావు వల్ల వెళ్లలేదని అనలేం. మొదటి రోజే హాళ్లు ఖాళీగా ఉన్నాయి, అప్పటికి చాలామందికి జాన్ చనిపోతాడని తెలియనే తెలియదు. జెనిసిస్ చూసి నమ్మకం పోయినవాళ్లు రాలేదు.

గుంటూరు_రీల్ గారూ, మీరు ఒక చావు దగ్గర ఆగిపోయారు. నాలుగుసార్లు కథను మొదట్నుంచి మొదలుపెట్టడమే నా దృష్టిలో అసలు దెబ్బ.

వరంగల్_వీడియోలైబ్రరీ

90ల్లో హన్మకొండలో మాకు క్యాసెట్ల షాపుండేది. జడ్జ్‌మెంట్ డే క్యాసెట్ అద్దెకు వెళ్లి వెళ్లి టేపు అరిగిపోయేది, మళ్లీ తెప్పించేవాళ్లం. నాకు కథ కంటే పనితనం మీద ఎక్కువ మమకారం, అందుకని ఇంకో వైపు నుంచి చెప్తాను.

మొదటి సినిమాకు పెట్టింది 64 లక్షల డాలర్లే. కామెరాన్ రోమ్‌లో జ్వరంతో పడుకున్నప్పుడు మంటల్లోంచి లేచి వచ్చే లోహపు అస్థిపంజరం కలలో కనబడింది, సినిమా అక్కడి నుంచి పుట్టింది. లాస్ ఏంజెలెస్ వీధుల్లో రాత్రిపూట తీశారు. అది సైన్స్ ఫిక్షన్ కంటే ముందు భయపెట్టే సినిమా. ఆగకుండా వచ్చేది ఒకటి, పరుగెత్తేవాళ్లు ఇద్దరు. సంగీతం ఇచ్చిన బ్రాడ్ ఫీడెల్ కొట్టిన ఆ ఇనుప దరువు వింటే ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది.

రెండోదానికి ఖర్చు దాదాపు 10 కోట్ల డాలర్లకు చేరింది. అందరూ టీ-1000 గ్రాఫిక్స్ గురించి మాట్లాడతారు. నిజానికి కంప్యూటర్ గ్రాఫిక్స్ కనబడేది మొత్తం ఐదారు నిమిషాలే. మిగతాదంతా స్పెషల్ ఎఫెక్ట్స్ నిపుణుడు స్టాన్ విన్‌స్టన్ బృందం చేతిపని, టీ-1000గా చేసిన రాబర్ట్ పాట్రిక్ పరుగు, ఇంకా మామూలు ఉపాయాలు. ఆసుపత్రిలో నేలమీంచి లేచి గార్డు రూపం ఎత్తే సీన్‌కు నిజమైన కవలల్నే పెట్టారు. ఉక్కు ఫ్యాక్టరీలో ఇద్దరు సారాలు ఒకేసారి కనబడేచోట లిండా హామిల్టన్ కవల సోదరి నిలబడింది. హెలికాప్టర్ వంతెన కింద నుంచి దూసుకుపోవడం ట్రిక్కు కాదు, పైలట్ నిజంగానే నడిపాడు. నాలుగు ఆస్కార్లు ఊరికే రాలేదు.

ఇప్పుడు డార్క్ ఫేట్ చూడండి. విమానం లోపల గాల్లో తేలుతూ కొట్టుకుంటారు, తర్వాత డ్యామ్ దగ్గర నీళ్లలో చీకట్లో కొట్టుకుంటారు. ఎవరు ఎక్కడున్నారో తెలియదు, ఎవరికీ బరువు లేదు. రెవ్-9 రెండుగా విడిపోతాడు, ఆలోచన మంచిదే, గాబ్రియెల్ లూనా కూడా బాగా చేశాడు. కానీ ప్రతిదీ గ్రాఫిక్స్ అయ్యాక దెబ్బ తగిలినట్టు ఉండదు. జాన్ చావుకు కూడా నాకు ఏడుపు రాకపోవడానికి కారణం అదే. ఇంకొకరి శరీరం మీద, రెండో సినిమాలో జాన్‌గా చేసిన ఎడ్వర్డ్ ఫర్లాంగ్ చిన్ననాటి ముఖం అతికించారు. మంచి పనే, కానీ ఆ పిల్లాడి కళ్లు కావు అవి.

కాస్త దారి తప్పి ఇంకో విషయం. స్టాన్ విన్‌స్టన్ 2008లో పోయాక ఆయన దగ్గర పనిచేసినవాళ్లు లెగసీ ఎఫెక్ట్స్ పెట్టారు. మనవాళ్లు చూసిన రజనీకాంత్ 'రోబో'లో యానిమట్రానిక్స్ (కదిలే యంత్రపు బొమ్మల) పనిచేసింది వాళ్లే. ఆ చేతులు ఇక్కడిదాకా వచ్చాయని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో.

నా మాట ఒక్కటే. కథ ఎటు పోవాలి అని అందరూ కొట్టుకుంటున్నారు. ఖర్చు తగ్గించి, ఒక నగరం, ఒక రాత్రి, ఒక యంత్రం పెట్టి తీయమనండి. కథ దానంతటది సర్దుకుంటుంది.

సారా_పక్షం

వరంగల్ గారూ, మీ పోస్టు దాచుకుంటాను. ఆ కవలల సంగతి మా తమ్ముడికి పంపించేశాను కూడా. అయితే విమానం ఫైట్ బాలేదన్నంత మాత్రాన ఆ సినిమాలో మనుషుల మధ్య సీన్లు పోవు. టెక్సాస్‌లో కార్ల్ ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ నడిచే సంభాషణలో గ్రాఫిక్స్ ఏమీ లేవు. పని పూర్తయ్యాక ఇక చేయడానికి ఏమీ మిగలని యంత్రం, ఒక తల్లినీ బిడ్డనూ చేరదీసి, తను ఇంకో తల్లి దగ్గర ఏం లాక్కున్నదో మెల్లగా తెలుసుకోవడం. రెండో సినిమాలో యంత్రం మనిషి ప్రాణం విలువ నేర్చుకుంది కదా, ఇది దాని తర్వాతి మెట్టు. సారా అతన్ని క్షమించదు, క్షమించాలని సినిమా ఆమెను బలవంతపెట్టదు. నాకు అది చాలా నచ్చింది.

కేబుల్‌తీగ

టీవీ సిరీస్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? ది సారా కానర్ క్రానికల్స్, 2008 నుంచి 2009 దాకా, 31 ఎపిసోడ్లు. లీనా హెడీ సారాగా చేసింది. రెండో సినిమా తర్వాత తల్లీకొడుకులు ఎలా బతికి ఉంటారు అన్న ప్రశ్నకు అంత ఓపిగ్గా జవాబు చెప్పింది ఇంకేదీ లేదు. ఊళ్లు మారడం, దొంగ పేర్లు, పదహారేళ్ల కుర్రాడికి స్నేహితులు లేకపోవడం, రోజూ చావు గురించి మాట్లాడే తల్లితో ఒకే ఇంట్లో ఉండటం. చివరి ఎపిసోడ్‌లో జాన్ భవిష్యత్తులోకి దూకుతాడు, అక్కడ అతని పేరు ఎవరూ వినలేదు. తను లేకుండానే యుద్ధం జరుగుతోంది. అక్కడితో సిరీస్ ఆపేశారు, మూడో సీజన్ ఇవ్వలేదు.

గుంటూరు_రీల్ అన్నా, మీరు అడిగింది అదే కదా. జాన్‌ను పక్కన పెట్టాలంటే అలా పెట్టాలి. చంపకుండానే, అతను ఎవరు అన్న ప్రశ్నను అతని చేతికే ఇచ్చారు.

లూప్‌హోల్

కేబుల్‌తీగ చెప్పినదానికి తోడు, 2024 ఆగస్టు 29న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన టెర్మినేటర్ జీరో కూడా చూడండి. ప్రొడక్షన్ ఐజీ చేసిన జపాన్ అనిమే, 8 ఎపిసోడ్లు. జాన్ లేడు, సారా లేదు, ఆర్నాల్డ్ లేడు. 1997లో టోక్యో, స్కైనెట్‌కు పోటీగా ఇంకో ఏఐని తయారుచేసే ఒక శాస్త్రవేత్త, అతని ముగ్గురు పిల్లలు. కాలం పాయలుగా చీలుతుందని సిరీస్‌లోనే నేరుగా చెప్తారు, నేను పైన చెప్పిన చిక్కు అక్కడ లేదు. పాత పాత్రల్ని ముట్టుకోకుండా అదే లోకంలో కొత్త కథ చెప్పొచ్చని అది చూపించింది. ఒక సీజన్‌తో ఆపేయడం అన్యాయం.

గుంటూరు_రీల్

క్రానికల్స్ నేను మొత్తం చూశాను. ఆ చివరి ఎపిసోడ్ చూసినప్పుడు కోపం రాలేదు. అందులో జాన్ తనే దూకాడు, ఎవరి కోసమో తెలిసి దూకాడు. డార్క్ ఫేట్‌లో అతనికి ఒక్క మాట కూడా లేదు, ఒక్క నిర్ణయం కూడా లేదు. ఇంత పెద్ద పాత్రకు చివరిసారి ఏదైనా ఎంచుకునే అవకాశం ఇవ్వకపోవడమే నన్ను బాధపెట్టింది. ఫ్రిస్కో గారు చెప్పిన హక్కుల చరిత్ర చదివాక కూడా ఆ ముక్క మారదు, ఎందుకంటే డార్క్ ఫేట్‌కు ఏ కొత్త యజమానీ అడ్డం లేడు. సృష్టించినవాడే గదిలో ఉన్నాడు.

ఫ్రిస్కో_తెలుగు

గదిలో ఉన్నాడు, కానీ అవతార్ సీక్వెల్స్ పనిలో మునిగి ఉన్నాడు. సెట్లో ఉన్నది దర్శకుడు టిమ్ మిల్లర్. ఇద్దరికీ చాలా విషయాల్లో పడలేదని తర్వాత ఇద్దరూ చెప్పారు. జాన్ చావు మాత్రం కామెరాన్ ఆలోచనే. అది ఇంకొకరి నెత్తిన వేయలేం.

మచిలీపట్నం_మాయ

అందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, ఏఐ సబ్జెక్టు ఉంది మాకు. ఈ సిరీస్‌లో డార్క్ ఫేట్ ఒక్కటే చూశాను, మా హాస్టల్లో. నాకు చాలా నచ్చింది, జాన్ ఎవరో తెలియదు కాబట్టి మొదటి సీన్ సారా కోసమే ఏడిపించింది. ఇప్పుడు మీ గొడవ చదివాక మిగతావి చూడాలనిపిస్తోంది. ఏ వరుసలో చూడాలి?

రాత్రిషో

విడుదలైన వరుసలో, మూడోదాని దాకా. మూడోది చూడకుండా ఎవరి మాటా విని వదిలేయొద్దు తల్లీ.

కేబుల్‌తీగ

మొదటిది, రెండోది, ఆ వెంటనే క్రానికల్స్ 31 ఎపిసోడ్లు. సాల్వేషన్ ఖాళీ ఉంటే. జెనిసిస్ వద్దు.

వరంగల్_వీడియోలైబ్రరీ

మొదటిది రాత్రిపూట, దీపాలార్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడు. ఫోన్లో మాత్రం చూడొద్దు.

సారా_పక్షం

మాయా, మొదటి రెండూ చూసి మళ్లీ డార్క్ ఫేట్ చూడు. ఇంతవరకూ ఇక్కడ అందరూ రెండోది ముందు చూసి, జాన్‌ను ప్రేమించి, తర్వాత డార్క్ ఫేట్‌కు వెళ్లినవాళ్లే. నువ్వు తిరగేసి వస్తున్నావు. వాడు ఎప్పుడు చనిపోతాడో తెలిసి ఆ పదేళ్ల పిల్లాణ్ని చూడబోతున్నావు. నీకు ఏమనిపించిందో నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

గుంటూరు_రీల్

నాకు కూడా. మాయా, రెండోది చూసిన రోజే వచ్చి ఇక్కడ రాయమ్మా. నా మాట నెగ్గుతుందో సారా_పక్షం గారి మాట నెగ్గుతుందో పక్కన పెట్టి, నీకు అనిపించింది అనిపించినట్టు రాయి. థియేట్రికల్ వెర్షన్ చూడు, ఆ పార్కు ముగింపు అందులో ఉండదు, తర్వాత విడిగా చూడొచ్చు.